సీనియర్ ఇయరూ, సొమ్ము సంగతీ



ఎప్పుడూ హైదరాబాదు రాజకీయాలో, వాషింగ్టన్ రాజకీయాలో రాసే ఈ పేజీలో ఈసారి మన ఇళ్ళల్లో నడిచే రాజకీయం గురించి రాద్దామనిపించింది. ఆగస్టు వచ్చిందంటే చాలు, మన శనివారం పార్టీల్లో హైస్కూలు సీనియర్ పిల్లలున్న తల్లిదండ్రుల్ని దూరం నుంచే గుర్తు పట్టొచ్చు. బిర్యానీ ప్లేటు చేతిలో ఉంటుంది కానీ ముద్ద నోట్లోకి పోదు. ఎవరి పిల్లకి ఎస్.ఎ.టి.లో ఎంతొచ్చింది, ఎవరి పిల్లాడు ఎన్ని ఏ.పి.లు చేశాడు, వ్యాసం ఎవరి దగ్గర దిద్దించుకున్నారు, కౌన్సెలరుకి ఎన్ని వేలు ఇచ్చారు... ఇవే కబుర్లు. కొన్న ఇంటి ధర చెప్పుకుంటాం, నార్సింగిలో ప్లాటు గజం ఎంతకి పోయిందో చెప్పుకుంటాం. "కాలేజీకి ఏడాదికి మేం ఇంతే పెట్టగలం" అన్న ముక్క మాత్రం ఎవరి నోటా రాదు. పదిమందిలో సంగతి అటుంచండి, భార్యాభర్తలు కూడా ఆ మాట పైకి అనుకోరు. పిల్లలకి తెలియనివ్వడం అయితే పాపం కిందే లెక్క.

నేనూ ఆ తానులో ముక్కనే కాబట్టి నా సంగతే ముందు చెబుతాను.

మా అమ్మాయి 2020లో సీనియర్. కోవిడ్ రోజులు, స్కూలంతా ల్యాప్‌టాప్‌లోనే. దానికొక ప్రైవేటు కాలేజీ మీద మనసు పడింది. పేరు అనవసరం, పేరు చెబితే అందరూ "అబ్బో" అనే రకం. నవంబరు 1కి ఎర్లీ డెసిషన్ పెట్టింది. ఎర్లీ డెసిషన్ అంటే సీటిస్తే తప్పకుండా చేరతామని పిల్లా, తల్లిదండ్రుల్లో ఒకరూ, స్కూలు కౌన్సెలరూ ముగ్గురూ సంతకం పెట్టే ఒప్పందం. నేను ఆ సంతకం ఫోను మీద మీటింగులో ఉండగా పెట్టాను. డిసెంబరు మధ్యలో సీటొచ్చింది. ఇంట్లో గంతులు, ఇండియాకి ఫోన్లు, మా నాన్నగారు ఊళ్ళో స్వీట్లు పంచారు. ఆ వారంలోనే ఎయిడ్ ఉత్తరం వచ్చింది. ఏడాది ఖర్చు 75 వేల డాలర్ల పైచిలుకు. వాళ్ళు ఇస్తామన్నది అందరికీ దొరికే ఫెడరల్ అప్పు 5,500 డాలర్లు. గ్రాంటు సున్నా.

ఫోన్ చేశాను. ఆవిడ చాలా మర్యాదగా చెప్పింది. మా ఇద్దరి జీతాలు ఒక కారణమట. రెండో కారణం మా ఆస్తి. ఏం ఆస్తి అంటారా? 2015లో అందరితో పాటు నేనూ అమరావతికి కూతవేటు దూరంలో ఒక ప్లాటు కొన్నాను. ఫారంలో ఇంటి కాక ఇతర ఆస్తుల విలువ అడిగితే, నిజాయితీగా, కాస్త గర్వంగా కూడా, కొన్న ధర వేశాను. 2019 డిసెంబరులో మూడు రాజధానుల మాట బయటికొచ్చాక ఆ ప్లాటుకేసి చూసే నాథుడు లేడు. విలువ అడిగినది ఆ రోజు మార్కెట్ ధర, నేను వేసింది అయిదేళ్ళ కిందటి ఆశ! సరి చేసి మళ్ళీ పంపాను. కాస్త తగ్గింది కానీ మాకు అందేంత కాదు. ఎయిడ్ చాలకపోతే ఎర్లీ డెసిషన్ నుంచి బయటపడొచ్చన్న వెసులుబాటు ఉంది, అలాగే బయటపడ్డాం. ఈలోగా మా రాష్ట్ర యూనివర్సిటీలో మెరిట్ స్కాలర్‌షిప్‌కి, ఆనర్స్ ప్రోగ్రాంకి గడువులు దాటిపోయాయి. చివరికి అక్కడే చేరింది, పూర్తి ఫీజుతో. చక్కగా చదువుకుంది, ఉద్యోగం చేసుకుంటోంది, ఆ బాధేం లేదు. కానీ ఆ డిసెంబరు రాత్రి అది ఏడవకుండా అడిగిన ప్రశ్న ఒకటి మాత్రం ఇంకా నన్ను వదల్లేదు: "నాన్నా, ఈ లెక్క అక్టోబరులోనే ఎందుకు చెయ్యలేదు?"

చెయ్యకపోవడానికి నాకు తోచిన కారణం మన పెంపకం. మనం ఎంసెట్ పిల్లలం. ఒక పరీక్ష, ఒక ర్యాంకు, కౌన్సెలింగ్‌లో ఏ కాలేజీ వస్తే దాని ఫీజు ఇంత అని అచ్చేసి ఉండేది. ఆర్టీసీ బస్సు టికెట్టు లాంటిది. పక్క సీటువాడిదీ మనదీ ఒకే ధర. అమెరికా కాలేజీ ధర విమానం టికెట్టు లాంటిది. అచ్చేసిన ధర ఒకటి, ఒక్కొక్కడు కట్టేది ఒకటి. ఇవాళ పేరున్న ప్రైవేటు కాలేజీల్లో అచ్చు ధర, అంటే ట్యూషన్, గది, భోజనం, పుస్తకాలు అన్నీ కలిపి, ఏడాదికి 90 వేలు దాటిపోయింది. అది చూసి గుండె ఆగినవాళ్ళూ తప్పే, "సీటొస్తే ఏదో ఒకటి చూసుకుందాం" అన్నవాళ్ళూ తప్పే. ప్రతి కాలేజీ తన వెబ్‌సైటులో నెట్ ప్రైస్ కాలిక్యులేటర్ పెట్టాలని 2008 చట్టం చెప్పింది, 2011 అక్టోబరు నుంచి పెడుతున్నారు. పన్ను కాగితాలు ముందు పెట్టుకుని కూర్చుంటే పదిహేను నిముషాల పని. కారు కొనడానికి మూడు నెలలు రివ్యూలు చదివే మనం, మూడు లక్షల డాలర్ల వస్తువుకి పదిహేను నిముషాలు పెట్టం.

అయితే మనలాంటి కుటుంబాలకి ఎయిడ్ రాదన్నది కూడా పాత మాటే అవుతోంది. 2025 విద్యాసంవత్సరం నుంచి ఏడాదికి 2 లక్షల డాలర్ల లోపు ఆదాయం, మామూలు ఆస్తులు ఉన్న కుటుంబాల నుంచి ట్యూషన్ తీసుకోమని హార్వర్డ్, ఎం.ఐ.టి., పెన్సిల్వేనియా యూనివర్సిటీ ప్రకటించాయి. ప్రిన్స్‌టన్ అయితే 2025 ఆగస్టులో ఆ గీతని చాలా కుటుంబాలకి రెండున్నర లక్షల దాకా జరిపింది. ఒక్క జీతం మీద నడిచే ఇళ్ళు, చిన్న ఊళ్ళల్లో ఉద్యోగాలు చేసే మనవాళ్ళు చాలామంది ఈ గీతల లోపలే ఉన్నారు, తెలియక అప్లై చెయ్యరు. కాకపోతే అక్కడ "మామూలు ఆస్తులు" అన్న రెండు మాటలున్నాయి చూశారూ, మన కథ అక్కడే అడ్డం తిరుగుతుంది. ఇక సీటు దొరకడమంటారా, 2024లో హార్వర్డుకి సుమారు 54 వేల అప్లికేషన్లు వస్తే 1,937 మందికి సీటిచ్చారు. 2023 జూన్ 29న సుప్రీంకోర్టు జాతిని బట్టి ప్రాధాన్యం ఇవ్వడాన్ని కొట్టేసినప్పుడు మన వాట్సాప్ గ్రూపుల్లో దీపావళి చేసుకున్నవాళ్ళున్నారు. తీర్పు మీద ఎవరి అభిప్రాయం వాళ్ళది. నేను చెప్పేది ఒకటే, ఆ తీర్పుతో సీట్లయితే పెరగలేదు.

ఇక ఫారాల సంగతి. రెండున్నాయి. ఒకటి ఫాఫ్సా, ప్రభుత్వానిది, ఉచితం. రెండోది సి.ఎస్.ఎస్. ప్రొఫైల్, కాలేజ్ బోర్డు వాళ్ళది, చాలా ప్రైవేటు కాలేజీలు దాన్ని కూడా అడుగుతాయి. ఫాఫ్సా ఇచ్చేది ఒక సంఖ్య, ఎస్.ఎ.ఐ. అంటారు. ఇదివరకు ఇ.ఎఫ్.సి. అనేవాళ్ళు. 2024-25 నుంచి మార్చారు. ఆ మార్పు ఎంత అధ్వాన్నంగా జరిగిందో ఆ ఏడాది సీనియర్లున్న వాళ్ళనడగండి. అక్టోబరులో రావాల్సిన ఫారం 2023 డిసెంబరు ఆఖరుకి గానీ తెరుచుకోలేదు. పేరు మారితే మారింది కానీ అందులో ఒక దెబ్బ మనకి గట్టిగా తగిలింది. ఇదివరకు ఇద్దరు పిల్లలు ఒకేసారి కాలేజీలో ఉంటే తల్లిదండ్రుల వాటాని ఇద్దరికీ పంచేవాళ్ళు. ఫెడరల్ లెక్కలో ఇప్పుడా పంపకం లేదు. రెండేళ్ళ తేడాతో పిల్లలున్న ఇళ్ళన్నీ ఇది గమనించాలి. సి.ఎస్.ఎస్. కాలేజీలు మాత్రం సొంత డబ్బు ఇచ్చేటప్పుడు ఇంకా కొంత చూస్తున్నాయి, అడిగి తెలుసుకోవాలి.

ఫాఫ్సా లెక్కలో తల్లిదండ్రుల ఆస్తిలో ఏడాదికి ఎక్కువలో ఎక్కువ 5.64 శాతం కాలేజీకి పెట్టగలరని అనుకుంటారు. పిల్లల పేరున ఉన్న ఆస్తిలో 20 శాతం. అంటే మీ పేరున లక్ష డాలర్లు ఉంటే 5,640, అదే లక్ష "పిల్ల పెళ్ళికి, చదువుకి" అని పిల్ల పేరున ఖాతా తెరిచి పెడితే 20 వేలు! పిల్లల పేరున దాచడం మన అమ్మమ్మల కాలం నాటి మంచి అలవాటే, ఈ ఫారం ముందు మాత్రం అది పనికిరాదు. తల్లిదండ్రుల 529 ఖాతా తల్లిదండ్రుల ఆస్తిగానే లెక్క. 401కె, ఐ.ఆర్.ఎ.ల్లో ఉన్నది లెక్కలోకి రాదు. మీరుండే ఇల్లు ఫాఫ్సాలో రాదు, సి.ఎస్.ఎస్.లో చాలా కాలేజీలు లెక్కేస్తాయి. తాతగారో అమ్మమ్మగారో మనవరాలికి పెట్టిన 529 నుంచి డబ్బు తీస్తే ఇదివరకు పిల్ల ఆదాయంగా చూపాల్సి వచ్చేది, 2024-25 నుంచి ఆ బెడద పోయింది. 529లో మిగిలిపోతే ఎలా అని భయపడేవాళ్ళకి ఒక కబురు. ఖాతా తెరిచి 15 ఏళ్ళు దాటితే, ఏడాది పరిమితులకు లోబడి, జీవితకాలంలో 35 వేల డాలర్ల దాకా పిల్లల రాత్ ఐ.ఆర్.ఎ.కి మార్చుకోవచ్చని 2024 నుంచి అమల్లోకి వచ్చింది.

ఇప్పుడు ఎవరూ మాట్లాడని సంగతికి వద్దాం. ఇండియాలో ఉన్న ఆస్తి.

"అది ఇక్కడ వాళ్ళకెలా తెలుస్తుంది లెండి" అన్న మాట నేను కనీసం అయిదారు ఇళ్ళల్లో విన్నాను. చదువుకున్నవాళ్ళు, మంచివాళ్ళు, గుడికి చందాలిచ్చేవాళ్ళు అన్న మాట అది. ఫాఫ్సా అడిగేది మీరుండే ఇల్లు కాక మిగతా స్థిరాస్తి, బ్యాంకు నిల్వలు, పెట్టుబడులు. అది అమెరికాలోనా, ఏలూరులోనా అన్న తేడా లేదు. హైదరాబాదు ఫ్లాటు మీద అప్పుంటే అప్పు తీసేసి మిగిలింది వెయ్యాలి. ఎన్.ఆర్.ఓ. ఖాతాలో ఫిక్స్‌డ్ డిపాజిట్ వెయ్యాలి. నాన్నగారి పేరున ఉన్న ఇల్లు నాన్నగారిదే, మీది కాదు. అన్నదమ్ములతో ఉమ్మడిగా ఉంటే మీ వాటా మేరకే. పొలానికి మినహాయింపు ఉందని ఒకాయన వాదించాడు. ఉంది, 2026-27 ఫారం నుంచి కుటుంబ వ్యవసాయానికీ, వందమంది లోపు పనివాళ్ళున్న కుటుంబ వ్యాపారానికీ మినహాయింపు మళ్ళీ తెచ్చారు. సొంత కన్సల్టింగ్ కంపెనీ నడిపే మనవాళ్ళకి ఇది మంచి కబురే. కానీ పొలం విషయంలో కుటుంబం ఆ పొలం మీదే నివసించాలి. మీరు న్యూజెర్సీలో, రెండెకరాలు తెనాలిలో ఉంటే అది చెల్లదు మరి!

అబద్ధం రాస్తే 20 వేల డాలర్ల దాకా జరిమానా, జైలు కూడా పడొచ్చని ఆ ఫారంలోనే రాసుంటుంది. అయినా ఆ భయం కోసం చెప్పడం లేదు. విదేశాల్లో ఖాతాల మొత్తం 10 వేల డాలర్లు దాటితే ఏటా ఎఫ్.బార్ వేస్తున్నాం కదా. ఒక ప్రభుత్వ కాగితంలో ఉన్న డబ్బు ఇంకో ప్రభుత్వ కాగితంలో మాయమైతే ఎలా? పైగా ఆ ఫారం మీద మనతో పాటు పదిహేడేళ్ళ పిల్ల సంతకం కూడా ఉంటుంది. గ్రీన్ కార్డో పౌరసత్వమో ఇంకా చేతికి రాని ఇంట్లో ఇలాంటి పని చెయ్యడం కొరివితో తల గోక్కోవడమే. ఇంకో సంగతి. మన అబద్ధానికి వచ్చిన గ్రాంటు గాలిలోంచి ఊడిపడదు. అది ఒక మోటెల్లో పాచి పనిచేసే అమ్మ కూతురికి రావాల్సినది. రాయాల్సింది ఈ రోజు అమ్మితే వచ్చే ధర, రియల్ ఎస్టేట్ ఏజెంటు చెప్పే ధర కాదు, నాలాగా కొన్నప్పటి ధరా కాదు. అమ్ముడు పోని ఆస్తి అయితే, కోర్టులో తగాదా ఉంటే, ఆ సంగతి కాగితాలతో సహా ఎయిడ్ ఆఫీసుకి ఉత్తరం రాయండి. వాళ్ళకి లెక్క సవరించే అధికారం చట్టమే ఇచ్చింది. ఉద్యోగం పోయినా, ఇంట్లో పెద్ద జబ్బు వచ్చినా అంతే. అడగడం నామోషీ అనుకుని మనవాళ్ళు అడగరు.

సీనియర్ ఇయర్లో ఈ ఆలోచన మొదలు పెడితే ఇంకో చిక్కుంది. ఫారంలో చూసే ఆదాయం రెండేళ్ళ కిందటిది. 2026 ఆగస్టులో కాలేజీలో చేరే పిల్లకి 2024 పన్ను కాగితం చూస్తారు. అంటే పిల్ల పదో తరగతి మధ్యలో, జనవరిలో మొదలై పదకొండో తరగతి డిసెంబరుతో ఆ ఏడాది అయిపోతుంది. ఆ ఏడాదిలో మీరు కంపెనీ షేర్లు అమ్మి కిచెన్ రీమోడల్ చేయించారంటే ఆ లాభం అంతా మీ ఆదాయమే. సీనియర్ ఇయర్ సెప్టెంబరులో చెయ్యగలిగింది ఇక ఏమీ ఉండదు. ఇంకా తొమ్మిది, పదో తరగతుల్లో పిల్లలున్న పాఠకులు ఈ పేరా రెండోసారి చదువుకోండి.

మరి జీతాలు బాగా ఉండి, ఎయిడ్ రాదని తేలిపోయిన ఇళ్ళ సంగతేమిటి? మనలో సగం మంది ఈ జాబితాలోనే ఉన్నారు. ట్యూషన్ మీద 2,500 డాలర్ల పన్ను క్రెడిట్ ఉంది కదా అంటే అది కూడా జంట ఆదాయం 1,60,000 దాటితే తగ్గుతూ 1,80,000 దగ్గర ఆగిపోతుంది. ఇక్కడ దారి మెరిట్ స్కాలర్‌షిప్పే. ఐవీ లీగ్ కాలేజీలు మెరిట్ స్కాలర్‌షిప్పులు ఇవ్వవు, అక్కడ ఉన్నదంతా అవసరాన్ని బట్టే. మెరిట్ డబ్బు ఉన్నది పెద్ద పబ్లిక్ యూనివర్సిటీల్లో, రెండో వరస ప్రైవేటు కాలేజీల్లో. డాలస్‌లోని టెక్సస్ యూనివర్సిటీ, అలబామా యూనివర్సిటీ నేషనల్ మెరిట్ పిల్లల కోసం ఎంత వెతుకుతాయో అక్కడి మనవాళ్ళకి తెలుసు. జార్జియాలో 1993 నుంచి లాటరీ డబ్బుతో హోప్ స్కాలర్‌షిప్ ఉంది, ఫ్లోరిడాలో 1997 నుంచి బ్రైట్ ఫ్యూచర్స్ ఉంది. ఇంటి పక్కనే ఉన్న యూనివర్సిటీని "అదొక సేఫ్టీ" అని చప్పరించేసే మన అలవాటు ఎంత ఖరీదైనదో నేను లెక్కేసి చూసుకున్నాను కాబట్టి చెబుతున్నాను.

టెక్సస్ వాళ్ళకి ఒక మాట. 1997 చట్టం ప్రకారం హైస్కూలు క్లాసులో మొదటి పది శాతానికి రాష్ట్ర యూనివర్సిటీల్లో తప్పనిసరిగా సీటు. ఆస్టిన్‌కి మాత్రం వేరే లెక్క, అది ఆరు శాతం ఉండేది, 2026లో చేరేవాళ్ళ నుంచి అయిదు శాతం చేశారు. ఫ్రిస్కో, ప్లేనో, ఇర్వింగ్‌లలో మంచి స్కూళ్ళని వెతుక్కుని అందరం ఒకే చోట ఇళ్ళు కొన్నాం. 800 మంది క్లాసులో అయిదు శాతమంటే 40 మంది. ఆ నలభైలో ఎవరి పిల్లలుంటారని కూర్చుని లెక్కేసుకోవడం మన పార్టీల్లో కొత్త ఆట. పోటీ తప్పించుకుందామని అమెరికా వచ్చి, ఇక్కడొక గుంటూరు కట్టుకున్నాం. ఆ అయిదు శాతంలో ఉన్నా యూనివర్సిటీలో సీటుకే హామీ, కంప్యూటర్ సైన్సుకి కాదు.

డాక్టరు చదువు గురించి వేరే చెప్పాలి, ఎందుకంటే ఇక్కడ నిబంధనలు నిజంగా మారిపోయాయి. 2025 జూలైలో సంతకమైన పెద్ద బిల్లులో విద్యార్థి అప్పుల భాగం మన పత్రికల్లో ఎక్కడో మూలన పడింది. ఇదివరకు తల్లిదండ్రులు పేరెంట్ ప్లస్ కింద కాలేజీ ఖర్చు ఎంతయితే అంతా అప్పు తెచ్చుకోగలిగేవారు. 2026 జూలై 1 నుంచి కొత్తవాళ్ళకి ఒక్కో పిల్లకి ఏడాదికి 20 వేలు, మొత్తం 65 వేలు మించకూడదు. (వడ్డీ 2025-26లో 8.94 శాతం, పైన 4 శాతం దాటి ఫీజు. కాబట్టి ఆ పరిమితి పెట్టడం ఒక రకంగా మేలే అనేవాళ్ళూ ఉన్నారు, వాళ్ళ మాటా పూర్తిగా కొట్టి పారెయ్యలేం.) అసలు దెబ్బ పైచదువుల మీద. గ్రాడ్ ప్లస్ అప్పులు కొత్తవాళ్ళకి అదే తేదీ నుంచి రద్దు. మెడిసిన్, లా వంటి వృత్తి కోర్సులకి ఫెడరల్ అప్పు ఏడాదికి 50 వేలు, మొత్తం 2 లక్షలు. ప్రైవేటు మెడికల్ కాలేజీలో నాలుగేళ్ళకి మూడు లక్షలు దాటడం మామూలు సంగతి. మిగతా లక్ష పైచిలుకు ఎక్కడి నుంచి? ప్రైవేటు అప్పు, లేదా నాన్న.

అందుకని "పిల్ల డాక్టరు కావాలి" అనుకునే ఇల్లు ఇప్పుడే ఒక నిర్ణయం చేసుకోవాలి. 529లో ఉన్నదంతా బి.ఎస్. డిగ్రీ పేరు మీద ఊడ్చేసి, మెడికల్ కాలేజీ దగ్గర చేతులెత్తేస్తే నష్టపోయేది పిల్లే. న్యూయార్క్ యూనివర్సిటీ మెడికల్ స్కూలు 2018 నుంచి ట్యూషన్ తీసుకోవడం లేదు. 2024లో బ్రాంక్స్‌లోని ఆల్బర్ట్ ఐన్‌స్టైన్ కాలేజీకి రూత్ గాట్స్‌మన్ గారు వంద కోట్ల డాలర్లిచ్చి ట్యూషన్ ఎత్తేయించారు. అదే ఏడాది బ్లూంబర్గ్ విరాళంతో జాన్స్ హాప్కిన్స్ కూడా 3 లక్షల లోపు ఆదాయం ఉన్న కుటుంబాల పిల్లలకి ట్యూషన్ తీసేసింది. ఇవి ఉన్నాయని చెప్పడమే కానీ వీటిని నమ్ముకుని బడ్జెట్ వేసుకోమని కాదు. లక్షాధికారులం అనిపించుకునే మన డాక్టర్ సంఘాలు, తెలుగు సంఘాలు రెండేళ్ళకోసారి కన్వెన్షన్‌లో హీరోయిన్‌ని తెప్పించే ఖర్చుతో ఎన్ని చదువులు నడుస్తాయో ఆ కోశాధికారులనే అడగాలనిపిస్తుంది.

ఇంతవరకూ చెప్పింది పౌరసత్వమో గ్రీన్ కార్డో ఉన్న పిల్లల గురించి. ఇక్కడొక అపోహ తీసెయ్యాలి. తల్లిదండ్రులు హెచ్-1బి మీద ఉన్నా, ఇక్కడ పుట్టిన పిల్ల అమెరికన్ పౌరురాలే, ఆమెకి ఫెడరల్ ఎయిడ్‌కి పూర్తి అర్హత ఉంది. చూసేది పిల్ల స్థితి, తల్లిదండ్రుల వీసా కాదు. అమ్మకి సోషల్ సెక్యూరిటీ నంబరు లేకపోయినా ఫారం నింపొచ్చు. వీసా గొడవేమన్నా వస్తుందేమోనని భయపడి ఫారమే నింపని ఇళ్ళు నాకు తెలుసు.

ఇక మూడేళ్ళ వయసులో, అయిదేళ్ళ వయసులో హెచ్-4 మీద వచ్చిన పిల్లలు. ఒకటో తరగతి ఇక్కడే, ప్లెడ్జ్ ఆఫ్ అలీజియన్స్ ఇక్కడే, తెలుగు యాస కూడా ఇక్కడిదే. వీళ్ళకి ఫెడరల్ గ్రాంటు లేదు, ఫెడరల్ అప్పు లేదు, సెలవుల్లో ఐస్‌క్రీం కొట్టులో పని చేద్దామన్నా అనుమతి లేదు. ప్రైవేటు అప్పుకి పౌరుడో గ్రీన్ కార్డున్న వాడో హామీ ఉండమంటారు. కొన్ని రాష్ట్రాల్లో స్థానిక ఫీజు దొరుకుతుంది, కొన్ని చోట్ల విదేశీ విద్యార్థి కింద లెక్క. 21 ఏళ్ళు నిండేసరికి నాన్నకి గ్రీన్ కార్డు రాకపోతే ఎఫ్-1కి మారాలి, లేదా పుట్టిన దేశానికి వెళ్ళాలి. నాన్నకి ఎందుకు రాదంటే, ఒక్కో దేశానికి 7 శాతం అన్న పరిమితి వల్ల ఇండియా వరస దశాబ్దాల పొడుగుంది. ఇలాంటి పిల్లలు, అన్ని దేశాల వాళ్ళూ కలిపి, దేశంలో రెండు లక్షల పైన ఉన్నారని అంచనా. మన తెలుగు ఇళ్ళల్లో ఎందరున్నారో చెప్పనక్కర్లేదు. హెచ్-4 పిల్ల ఉన్న ఇల్లు కాలేజీల జాబితా వేసుకునేటప్పుడు ప్రతి కాలేజీనీ మూడు ప్రశ్నలు ముందే రాతపూర్వకంగా అడగాలి. మా అమ్మాయిని స్థానికురాలిగా చూస్తారా? మెరిట్ స్కాలర్‌షిప్‌కి అర్హత ఉందా? మధ్యలో ఎఫ్-1కి మారితే ఫీజు మారుతుందా? మూడో ప్రశ్న అడగక రెండో ఏడాది మధ్యలో బిల్లు రెట్టింపయిన స్నేహితుడు మాకున్నాడు.

ఇక్కడ మాత్రం పేజీ మళ్ళీ రాజకీయాల్లోకి రాక తప్పదు. 2002 చట్టం ఒకటి ఈ పిల్లల వయసుని కొంత కాలం ఆపి లెక్కించే వీలు కల్పించింది. 2023 ఫిబ్రవరిలో ఇమ్మిగ్రేషన్ శాఖ ఆ లెక్కని వీసా బులెటిన్‌లో ముందుండే తేదీలకి ముడిపెట్టి, కొందరికి ఊపిరి పోసింది. 2025 ఆగస్టు 15 నుంచి ఆ వెసులుబాటు తీసేసింది. అంటే హైస్కూల్లో ఉండగా భద్రంగా ఉన్నామనుకున్న పిల్లలు కొందరు ఇప్పుడు లేరు. ఈ పిల్లలకి శాశ్వతంగా దారి చూపే అమెరికాస్ చిల్డ్రన్ యాక్ట్ అనే బిల్లుని 2021లోనూ, మళ్ళీ 2023లోనూ పెట్టారు. రెండు పార్టీల వాళ్ళూ సంతకాలు పెట్టారు. రెండుసార్లూ ఓటింగు దాకా రాకుండా ఆ కాంగ్రెసు గడువుతో పాటే పోయింది. ఆంధ్ర నుంచో తెలంగాణ నుంచో మంత్రి వస్తే రెండు వందల కార్లు ఎయిర్‌పోర్టుకి వెళతాయి. మనమున్న జిల్లా కాంగ్రెస్ సభ్యుడి ఆఫీసు ఏ వీధిలో ఉందో ఆ రెండు వందల మందిలో ఎంతమందికి తెలుసు?

ఆ ఆఫీసుకి ఉత్తరం రాయడానికి పౌరసత్వం అక్కర్లేదు, ఆ జిల్లాలో ఇల్లుంటే చాలు. ఓటున్న వాళ్ళు రాస్తే ఇంకా బరువు, కాబట్టి పిల్లల చదువులయిపోయి తీరుబడిగా ఉన్న పెద్దలు ముందు రాయండి. బిల్లుల చరిత్ర అంతా రాయక్కర్లేదు. ఒక పిల్ల సంగతి రాయండి. ఏ ఏడాది వచ్చింది, అప్పటికి ఎన్నేళ్ళు, ఏ స్కూల్లో ఏ క్లాసు, ఏ తేదీకి 21 నిండుతాయి. పేరు వాళ్ళు వద్దంటే రాయకండి. ఫారాలు నింపడంలో అనుభవం ఉన్నవాళ్ళు తమ ఊళ్ళో ఒక ఆదివారం మధ్యాహ్నం గుడి హాల్లోనో లైబ్రరీలోనో రెండు గంటలు కూర్చుంటామంటే మాకు తెలియజేయండి, వచ్చే సంచికలో ఊరు, తేదీ వేస్తాం. మా ఊళ్ళో నేను కూర్చుంటున్నాను. నా దగ్గరికి వచ్చేవాళ్ళు రెండేళ్ళ పన్ను కాగితాలు, ఇండియా ఆస్తుల వివరాలు తెచ్చుకోండి, పిల్లని కూడా వెంట తీసుకురండి.